నేరేడు బెరడు నీళ్లల్ల పెట్టిన కాలు

నా ఎడమ కాలికి ఇప్పుడు మూడు వేళ్లే ఉన్నయి. బొటనవేలు లేదు, దాని పక్క వేలు లేదు. మొదలే చెప్తాన్న, చివరిదాంక ఏమైతదో ఏమో అని మీరు గుబులు పడేది లేదు. కాలు మిగిలింది. నడుస్తాన్న.

కాలు సంగతి ఒక్కటే అయితె ఈ బుక్కు పట్టకపోదును. ఏడో తరగతి కాడ చదువు ఇడిసిపెట్టినదాన్ని. జంపఖానాల డిజైన్లు గీసే గళ్ల బుక్కుల ఇప్పటిదాంక పువ్వులు, నెమళ్లు తప్ప అక్షరాలు రాయలే. కని ఒక మాట చెప్పాల్సిన కాడ చెప్పలే నేను. నోరు తెరిస్తె అయిపోయేది, కండ్లు మూసుకున్న. దానితోని ఒక మనిషి పని పోయింది, నాకు జోడి పోయింది. తర్వాత ఆ మాట నలుగురి ముందట చెప్పిన. అయినా నోటి మాట గాలికి పోతది, రాస్తె ఉంటదని రాస్తాన్న. షుగర్ ఉన్నోళ్లు ఎవరన్న చదివితె మీ కాళ్లు సుత ఒకసారి వంగి చూసుకోండ్రి.

మిరుగు

మాది మట్టెవాడ. ఇంట్ల ముందరి అర్ర మొత్తం మగ్గమే. జంపఖానా మగ్గం చీరల మగ్గం లెక్క గాదు, మస్తు వెడల్పు. ఒక్క మనిషి చేతులు ఆ కొసకు ఈ కొసకు అందవు. ఇద్దరు పక్కపక్కన కూసొని, గుంతల కాళ్లు పెట్టి కర్రలు తొక్కుకుంట, ఎవ్వరి సగం వాళ్లు నెయ్యాలె. ఒకలు ఉరికి ఇంకొకలు ఆగితె జంపఖానా వంకర పోతది. అందుకే జోడి అంటం. మొగడు పెండ్లాలు కావచ్చు, అక్కచెల్లెండ్లు కావచ్చు, పరాయోళ్లు కావచ్చు, రెండు జతల చేతులు ఒక్క తీరుగ నడవాలె.

ఇరవై ఏండ్లు మా ఆయనే నాకు జోడి. ఆయన పోయి నాలుగేండ్లు. ఆయనకు సుత నా లెక్క షుగరే. డబ్బ నిండ గోలీలు, ఒక్కనాడు తప్పలే, అయినా ఒకనాడు మగ్గం మీదనే గుండె ఆగింది. గోలీల మీద నాకు కోపం గప్పటి సంది. పిచ్చి కోపమే, కని కోపానికి తెలివి ఉంటదా?

ఆయన పోయినంక మగ్గం మీద ఆయన దిక్కు ఖాళీ. బిడ్డ స్వప్న కరీంనగర్ల ఉంటది, మొగడు, ఇద్దరు పిల్లలు, దాని సంసారం దానిది. "మగ్గం తీసేసి మా దగ్గరికి రా అమ్మా" అంటది. మగ్గం తీసేసి నేనేం చెయ్యాలె? సీరియల్లు చూసుకుంట కూసోవాల్నా?

గప్పుడు వచ్చింది సలోమి. చేనేత సొసైటీల పని నేర్చుకున్నది. పుట్టిల్లు ములుగు అవుతల అడవి పక్క ఊరు. మా వెనక గల్లీల కిరాయికి ఉంటరు, మొగడు ఆటో నడుపుతడు. నాకంటె పద్నాలుగేండ్లు చిన్న. నాకు మాట తక్కువ, కోపం ఎక్కువ. ఆమెకు మాట మీద మాట, మాట అయిపోతె చర్చి పాట. మొదలు మొదలు నా తల పగిలేది. "ఓసారి నోరు మూస్తవా తల్లీ, పోగు తెగుతాంది" అంటె, "పోగు నోటితోని నేస్తమా అక్కా" అని పకపక నవ్వేది. ఆర్నెల్లు పోయేసరికి ఆమె పాట ఎత్తుకుంటె గని నా చెయ్యి నడవకపోయేది.

నిరుడు మిరుగుకు, తొలకరి వానలప్పుడు, పుట్టింటికి పోయి, బస్సుల ఒడిల పెట్టుకొని సంచెడు అల్లనేరేడు పండ్లు తెచ్చింది. మా నేతోళ్ల ఇండ్లల్ల నేరేడు పండ్లు తినుడు ఒక పట్టింపు. మగ్గం కాడ నూలు దుమ్ము ఎగురుతది, ముక్కుల పోతది, బువ్వల పడుతది. ఏడాదికి ఒక్కసారన్న నేరేడు పండ్లు తింటె కడుపుల పడ్డ దుమ్ము, వెంట్రుకలు అన్ని కరుగుతయని మా అవ్వ మమ్ముల వరుసగ కూసోబెట్టి తినిపించేది. నాలుకలు చాపుమని, ఊదగ అయినోళ్లనే లేవనిచ్చేది. ఆనాడు సలోమి, నేను అద్దం కాడ నిలబడి నాలుకలు చూసుకొని చిన్నపోరగాండ్ల లెక్క నవ్వినం.

గింజలు పారేయనియ్యలే సలోమి. "షుగర్‌కు మంచియి అక్కా, మా ఊళ్లె ముసలోళ్లందరు తింటరు" అన్నది. దాబా మీద ఎండబెట్టి, పొట్టు తీసి, దంచి, జల్లెడ పట్టి, గాజు సీసల పోసి నా చేతుల పెట్టింది. పెట్టుకుంట ఏమన్నదో నాకు పొల్లు పోకుండ యాదికున్నది. "పొద్దుగాల ఒక్క చెంచ, మజ్జిగల కలుపుకొని తాగు. గోలీలు మాత్రం ఇడువకు అక్కా. ఇది గోలీలకు తోడు, గంతే."

అవును, గట్లనే అన్నది. ఈ మాట యాదిల పెట్టుకోండ్రి.

నెల దినాలు రెండూ నడిపిన. ఊకె నీళ్లు తాగాలనే దూప తగ్గింది. పరీక్ష చేయిస్తె షుగర్ దిగిందన్నరు. గోలీలు దించినయా, పొడి దించిందా, రెండు కలిసి దించినయా, నాకేం ఎరుక? కని నాకు కావాల్సిందే నేను నమ్మిన. గోలీ మింగితె రోగిష్టిదాన్ని అయితాన్న, పొడి తింటె మా అవ్వ బిడ్డనైతాన్న. గోలీలు బంద్ పెట్టిన.

సలోమి దినాం అడిగేది, "గోలీ ఏసుకున్నవా అక్కా?" అని. "ఏసుకున్న తియ్, నువ్వేమన్న నా అత్తవా?" అనేదాన్ని. మొత్తుకుంటదని గోలీల పట్టీలు కండెల డబ్బల, నూలు కండెల అడుగున దాచిపెట్టిన.

బతుకమ్మ ముందట

శ్రావణానికి కాళ్లల్ల తిమ్మిర్లు. ముందు చీమలు పాకినట్టు ఉండె, తర్వాత చీమలు సుత పోయినయి. గుంతల కాలు పెడితె కర్ర మీద ఉన్నదా, నేల మీద ఉన్నదా వంగి చూసుకునుడే. వయసు మీద పడుతాంది అనుకున్న. యాభై రెండు ఒక వయసా?

బతుకమ్మకు ముందట సొసైటీకి చెట్ల రంగుల జంపఖానాల పని వచ్చింది. నూలును కరక్కాయ నీళ్లల్ల నానబెట్టి, నేరేడు బెరడు మరగబెట్టిన రంగుల ముంచాలె. బెరడు సలోమి వాళ్ల ఊరికాంచే తెప్పించినం. బెరడుల వగరు ఉంటది. ఆ వగరు ఉంటెనే నూలు రంగును గట్టిగ పట్టుకుంటది, ఎన్ని నీళ్లల్ల పిండినా ఇడువది. బెరడు ముక్క నోట్ల పెట్టుకుంటె నాలుక ముడుచుకపోవాలె, గప్పుడు అది మంచి బెరడు. రంగు పని చేసేటోళ్లం వగరును దేవుని లెక్క నమ్ముతం.

ఒకనాడు నేసుకుంట నేసుకుంట సలోమి ఆగింది. "అక్కా, గుంతల రక్తం" అన్నది. చూస్తె తొక్కే కర్రకు ఇనుప చీల లేచింది, నా బొటనవేలు కింద దిగి ఉన్నది. ఎప్పుడు దిగిందో నాకు తెల్వనే తెల్వదు. సలోమి మొఖం తెల్లగైంది. "రేపు దవాఖానకు పోదాం, నేను వస్త" అన్నది. ఆ సాయంత్రమే వాళ్ల నాయినకు పాణం బాగలేదని ఊరికాంచి ఫోన్. ఉరుకుకుంట పోతనే గల్లీ మూలకాంచి ఒర్రింది, "నాకోసం ఆగకు అక్కా, రేపు పో!" అని.

నేను పోలే. పనుందని గాదు, భయమని గాదు. పోతె గోలీల సంగతి బయటపడుతది, గందుకు పోలే.

మర్నాడు పొయ్యి మీద రంగు బాన మరుగుతాంది. చిన్నప్పుడు మాకు దెబ్బలు తాకితె మా అవ్వ నేరేడు బెరడు నీళ్లతోనే కడిగేది. నోట్ల పుండ్లయితె పుక్కిలించమనేది. తగ్గేటియి, అబద్ధం గాదు. దానికి నా రంగుల తెలివి తోడైంది. నూలును పట్టి బిగించే వగరు పుండును బిగించదా? బకెట్ల పోసుకున్న.

రంగు నీళ్లు ఎంత వేడున్నయో మేము చెయ్యి పెట్టి చూస్తం. ముప్పై ఏండ్లు వేడి బానల ముంచిన చెయ్యి నాది, కాయలు కాసింది. చెయ్యి పెట్టిన, మంచిగున్నయనిపించింది. కాలు పెట్టిన. కాలు ఏమనలే. హాయిగ ఉన్నదనుకొని కూరగాయలు కోసుకుంట మస్తుసేపు అట్లనే కూసున్న. మొద్దుబారిన కాలు, కాయగాసిన చెయ్యి, రెండు దొంగసాక్ష్యాలే.

తీసి చూస్తె మడిమె దాంక నేరేడు రంగు ఎక్కింది. "మంచిగ పట్టింది రంగు" అని నవ్వుకున్న. కాలినచోట ఎర్రగైతే కనిపించేది గదా, రంగు అన్నిటిని కప్పింది. తెల్లారి మల్ల పెట్టిన. ఆ మర్నాడు సుత. నీళ్లు కారుతాంటె చెడు ఎళ్లిపోతాంది అనుకున్న. బొటనవేలు నల్లవడితె ఇంకా పెద్ద తెలివి చూపించిన. బెరడు రంగుకు ఇనుము తాకితె నూలు నల్లగైతది, నల్లరంగు మేము గట్లనే చేస్తం. చీల ఇనుముది, నీళ్లు బెరడుయి, ఇగ వేలు నల్లగ కాక ఏమైతది? నాకు నేనే పంతులమ్మనై నాకు నేనే పాఠం చెప్పుకున్న. ఇంకెవ్వరైతె దవాఖానకు ఉరుకుదురు. రంగు పని వచ్చినదాన్ని గనుక నేను ఉరకలే.

ఐదోనాడు సలోమి వచ్చింది. గడపకాడనే ముక్కుకు కొంగు పెట్టుకున్నది. లోపలికొచ్చి, కింద కూసొని, నా కాలు ఒళ్లె పెట్టుకొని తడిగుడ్డతోని రుద్దింది. మల్ల రుద్దింది. గుడ్డకు రంగు అంటుతలేదు. తలెత్తి నన్ను చూసింది.

"అక్కా, ఇది రంగు గాదు" అన్నది.

దవాఖాన

సలోమి మొగడే ఆటోల తీస్కపోయిండు, సలోమి నా పక్కన కూసొని వచ్చింది. స్వప్న కరీంనగర్ కాంచి ఏడ్చుకుంట వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కాలు చూసి, చిట్టీలు చూసి, అడిగింది, "గోలీలు ఏసుకుంటానవా అమ్మా?"

"లేదు మేడం. మూడు నెలలైంది."

"ఎవరు బంద్ చెయ్యమన్నరు?"

నేను బంద్ చేసిన, ఎవ్వరు చెయ్యమనలే. ఇంతే చెప్పాలె. నేనేం చెప్పిన? "నేరేడు గింజల పొడి తింటాన్న మేడం, సలోమి ఇచ్చింది" అన్న. అబద్ధం ఒక్క ముక్క లేదు దాంట్ల. గందుకే అది అబద్ధంకంటె పాడుమాట.

స్వప్న సలోమి మీదికి లేచింది. "నువ్వేనా? చదువుకున్నవా, డాక్టరువా? మా అమ్మ గోలీలు బంద్ చెయ్యమనేటందుకు నువ్వెవరు? నాయిన పోయిండు, అమ్మను సుత మింగుదామనుకున్నవా?"

ఆ అర్రల పదిమంది ఉన్నరు. సలోమి నా దిక్కు చూసింది. చెప్పు అక్కా అన్నట్టు చూసింది. నేను కండ్లు మూసుకున్న. నొప్పికి మూసుకున్నదని అందరు అనుకున్నరు. కాలుకు నొప్పేడిది? అది ఎప్పుడో చచ్చింది. సిగ్గుకు మూసుకున్న, బిడ్డ తిడుతదని మూసుకున్న.

"పొడి నేనే ఇచ్చిన" అన్నది సలోమి. గంతే అన్నది. చెప్పుల చప్పుడు దూరం పోయింది.

రెండు వేళ్లు తీసేసిన్రు. కాలు మొత్తం పోతదో ఏమో అని పది దినాలు ఎటూ చెప్పలే. మగ్గం గుంతల రెండు కాళ్లు ఉండాలె, ఒక్క కాలుతోని జంపఖానా నడవదు. పైకప్పు చూసుకుంట గదే ఆలోచన.

ఒకనాడు డాక్టరమ్మ మంచం కాడ జర సేపు నిలబడితె అడిగిన, "పొడి విషమా మేడం?" అని. "విషం గాదమ్మా" అన్నది. "నేరేడు గింజల జాంబోలిన్ అని ఒకటి ఉంటదంటరు, పిండి చక్కెరగ మారుడును జర నెమ్మది చేస్తదని చెప్తరు. ఉండొచ్చు. కని నీ చెంచల అది ఎంతున్నదో ఎవరు తూచిన్రు? ఒక చెట్టు గింజకు ఇంకో చెట్టు గింజకు పొంతన ఉండదు. గోలీల ఎంతున్నదో పట్టీ మీద రాసి ఉంటది."

"మరి బెరడు?"

"బెరడుల ట్యానిన్లు ఉంటయి. నువ్వు వగరు అంటవు చూడు, గదే. చిన్న దెబ్బలకు పనికొస్తదేమో. తోలు పదును చేసేటోళ్లు వాడేది సుత అసొంటిదే."

"మేము నూలుకు పెడ్తం మేడం."

"నూలుకు పాణం లేదు గదమ్మా" అన్నది. కోపం లేదు ఆ మాటల. కోపం ఉంటె నేను సుత ఎదురు కోపం చేసుకొని బతికిపోదును.

దీపావళి తర్వాత

స్వప్న మూడు వారాలు ఉన్నది. ఒంటి చేత్తోని అన్ని చేసింది, కని ఎప్పుడు చూసినా కోపం మీదనే. బువ్వ పెట్టుకుంట "ఎవరు ఏమిస్తె అది తింటవా?" మంచం సర్దుకుంట "గామెను ఇంట్లకు రానియ్యకు." ఒకసారి వంటింట్ల గంటె పట్టుకొని ఏడుస్తాంటె చూసిన. పోయి పట్టుకోవాలె, లేవరాదు. పిల్లల బడి ఉన్నది, పోక తప్పలే. పోయేటప్పుడు నా మంచం మగ్గం అర్రల వేయించుకున్న, వాకిలి కనిపిస్తదని.

అది తప్పయింది. వాకిలి కంటె మగ్గమే ఎక్కువ కనిపించేది. సగం నేసిన జంపఖానా, నా సగం మీద నా పంజ, సలోమి సగం మీద సలోమి పంజ. పంజ అంటె నేసిన వరుసను కొట్టి దగ్గరికి చేసే ఇనుప పనిముట్టు, చేతి వేళ్ల లెక్క ఉంటది. దాని పిడికి ఆమె ఎర్ర గుడ్డ చుట్టుకున్నది. పొద్దటికాంచి పొద్దుమూకేదాంక గా ఎర్ర గుడ్డ చూసుడే నా పని. మా ఆయన పోయిననాడు సుత నాకు ఇంత ఒంటరిగ అనిపించలే. ఆయనను దేవుడు తీస్కపోయిండు. ఈమెను నేనే ఎళ్లగొట్టుకున్న.

వారానికి రెండుసార్లు కట్టు కట్టించుకునేటందుకు దవాఖానకు పోవాలె. ఆడ వరుస పొద్దుగాలనే మొదలైతది, నిలబడలేనోళ్లు చెప్పులు వరుసల పెట్టి గోడకు ఆనుకొని కూసుంటరు. ధర్మసాగర్ కాంచి వచ్చే మల్లయ్య తాత నాకు ఆడనే ఎరుకైండు. ఒక కాలు మోకాలు కాడికి తీసేసిన్రు. నేను పోయేసరికి వరుసల ఆయన చెప్పు ఒకటి ముందట, ఇంకోటి దాని వెనక. "రెండోది నీకు బిడ్డా. నాకెట్లాగు ఒక్కటే చాలు" అనేటోడు. మొదటిసారి నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఆయనే నవ్విండు, ఇగ నేను సుత నవ్విన. ఆ చలికాలంల నేను నవ్వింది ఆ వరుసలనే.

ఆ వరుసల కూసున్నోళ్లల్ల ఒక్కొక్కలకు ఒక్కో చెట్టు ఉన్నది. ఒకామెకు వేప, ఒకాయనకు తంగేడు. తాత జిల్లేడు పాలు పోసుకున్నడట. "మరి నీదేం చెట్టు?" అన్నడు. చెప్పిన. నేరేడు చెట్టును తిట్టుకుంట చెప్పిన.

"చెట్టు మీద ఎందుకు బిడ్డా కోపం? అది నడుసుకుంట నీ ఇంటికొచ్చిందా?"

"నడుసుకుంట రాలే తాతా, సలోమి తెచ్చింది" అన్న. అన్నంక నా మాట నాకే చెవుల పడ్డది. ఇన్నినాళ్లకు సుత నా నోట్లకాంచి ముందు ఆమె పేరే వస్తాంది. తాత చెప్పు జరంత ముందుకు జరిపిండు.

శివరాత్రి

పక్కింటి వదిన అప్పుడప్పుడు కూర తెచ్చి ఇచ్చేది. మంచిదే, చేతుల గిన్నెతోని పాటు నోట్ల ముచ్చట తెస్తది. శివరాత్రి మర్నాడు వచ్చి కూసొని అన్నది, "గామెకు మంచి శాస్తి అయింది వదినా. సొసైటీల ఎవ్వరు జోడి కూసోనిస్తలేరు. మందు పెట్టే మనిషి పక్కన ఎవరు కూసుంటరు? మిర్చి యార్డుకు పోతాంది, తొడిమలు తీసేటందుకు."

మందు పెట్టే మనిషి! మా దిక్కు ఆ మాట ఒక్కసారి పడ్డదంటె ఆడిదాని బతుకు ఆగమే, ఆమె చేతి నీళ్లు సుత ఎవ్వరు తాగరు. నేను మూసుకున్న కండ్ల కాంచి ఇంత దూరం నడిచింది అది. నేను నా బిడ్డతోని రెండు తిట్లు తప్పించుకున్న, గంతే అనుకున్న.

"వదినా, గోలీలు బంద్ చేసింది నేను" అన్న. "సలోమి ఇడువకు అన్నది. దినాం అడిగింది. నేను అబద్ధం చెప్పిన."

వదిన గిన్నె పట్టుకొని నన్ను ఎట్లనో చూసింది. "ఇప్పుడెందుకు తియ్, అయిపోయిన ముచ్చట" అన్నది. ఆమెకు అయిపోయింది.

ఆనాడే స్వప్నకు ఫోన్ చేసిన. కండెల డబ్బల దాచిన గోలీల సంగతి సుత చెప్పిన. "నాకెందుకు చెప్పలే అమ్మా?" అన్నది. "నువ్వు తిడుతవని" అన్న. "నేను తిడుతనని ఆమెను తిట్టనిచ్చినవా?" అన్నది. నా కడుపుల పుట్టిన బిడ్డ, నన్ను తాకాల్సిన కాడనే కొట్టింది. తర్వాత ఏడ్చింది. నేను సుత ఏడ్చిన.

సోమవారం సొసైటీల నూలు పంచుతరు, నేతోళ్లందరు వస్తరు. కర్ర పట్టుకొని పోయిన. నాకు నలుగురిల మాట్లాడుడు చాతగాదు. కండెల డబ్బ తెచ్చుకున్న, దాంట్లకాంచి గోలీల పట్టీలు తీసి బల్ల మీద పెట్టిన. "ఇగో, ఇవి నేను ఏసుకోకుండ దాచినయి. సలోమికి తెల్వదు. బెరడు నీళ్లల్ల కాలు పెట్టింది సుత నేనే, ఆమె ఊళ్లె లేదు. మందు ఎవ్వరు పెట్టలే. నాకు నేనే పెట్టుకున్న" అన్న. కొందరు తల దించుకున్నరు, కొందరు నూలు లెక్కపెట్టుకుంట ఉన్నరు. ఒక ముసలామె మాత్రం "ఇంత కాలం ఏడ నిద్రపోయినవే?" అని అడిగింది.

ఆడికాంచి సీదా సలోమి ఇంటికి పోయిన. వాకిట్ల మిర్చి సంచి ముందటేసుకొని తొడిమలు తీస్తాంది. ఇంటికి సుత తెచ్చుకుంటదట పని. లేవలే. కూసోమనలే. నేను గోడ పట్టుకొని నిలబడే అన్ని చెప్పిన, సొసైటీల చెప్పింది సుత చెప్పిన. వేళ్లు ఆగలే ఆమెయి.

"నువ్వు కండ్లు మూసుకున్నవు అక్కా" అన్నది. "నేను చూసిన."

"అవును."

"నొప్పికి గాదు."

"గాదు. తప్పయింది సలోమీ."

ఒక కాయ తీసింది, తొడిమ తుంచింది, ఇంకో కాయ తీసింది. "దినాం ప్రార్థన చేసిన. నీకోసం గాదు, నీ కాలు కోసం. నీకోసం చేద్దామని కూసుంటె నోట్లకు మాట రాకపోయేది" అన్నది. మిర్చి ఘాటుకు ఇద్దరం దగ్గినం. ఎవ్వరి కండ్లల్ల నీళ్లు దేనివో అడగలే. లోపలికి పోయి చెంబుల నీళ్లు తెచ్చి నా ముందట పెట్టింది. మొత్తం తాగిన. వాకిట్ల నిలబడి, గల్లీ అంతా చూసేటట్టు తాగిన.

వస్తనని అనలే ఆమె. రమ్మని నేను సుత అనలే, ఏ మొఖం పెట్టుకొని అనాలె?

మల్ల మిరుగు

పుండు మానింది. డాక్టరమ్మ దినాం కాలు చూసుకోమన్నది, అడుగున అద్దం పెట్టి. గోరువెచ్చటి నీళ్లతోని కడుక్కోమన్నది, కని వేడి నువ్వు చూడకు, వేరేటోళ్లతోని చూపించుకో అన్నది. వేరేటోళ్లు ఎవరున్నరు మేడం అని అడుగబోయి ఊకున్న. సల్లనీళ్లతోనే కడుక్కున్న. గోలీలు పొద్దుగాల, రాత్రి ఏసుకుంటాన్న. ఏసుకున్నవా అని అడిగేటోళ్లు లేకున్న "ఏసుకున్న" అని పైకే అంటాన్న. నవ్వితె నవ్వుండ్రి.

ఒకనాడు ఉండబట్టక మగ్గం మీద కూసున్న. నా సగం నేసిన, జానెడు. సలోమి సగం కింద ఉన్నది, నాది పైకి పోయింది, జంపఖానా మెట్టు లెక్క అయింది. చూసి చూసి మల్ల అంతా ఇప్పిన.

మిరుగు వచ్చింది. గల్లీల బండి మీద అల్లనేరేడు పండ్లు అమ్మొచ్చినయి. బండాయన పిలిస్తె తల తిప్పుకున్న.

తెల్లారి వాకిలి ఊడ్చి వచ్చి కూసున్న. సలోమి వచ్చింది. గుంతలకు వంగి తొక్కే కర్రలు ఒక్కొక్కటి చేత్తోని తడిమింది, చీలలు ఏమన్న లేచినయా అని. మూల నిలబెట్టిన అద్దం చూసింది, నా కాలు చూసింది. వంటింట్లకు పోయి నీళ్లు కాగబెట్టింది, బకెట్ల పోసింది, సల్లనీళ్లు కలిపింది, నా ముందట పెట్టింది.

చెయ్యి పెట్టి చూస్తదనుకున్న. పెట్టలే. అరచేతులు నా దిక్కు తిప్పింది. వేళ్ల కొసలు ఎర్రగ, తోలు లేచిపోయి ఉన్నయి.

"మిర్చి మంట" అన్నది. "ఏది ముట్టుకున్నా కాలినట్టే ఉంటాంది. నా చేతులకు సుత ఇప్పుడు వేడి సక్కగ తెలుస్తలేదు అక్కా."

నేను ఆ చేతులు చూసిన. ఈసారి కండ్లు మూసుకోలే.

ఆమె రైక చెయ్యి పైకి జరిపి మోచెయ్యి నీళ్లల్ల ముంచింది, బాలింతలు పసిపిల్లల నీళ్లు చూసినట్టు. జరసేపు ఆగింది. ఇంకో చెంబు సల్లనీళ్లు పోసి మల్ల ముంచింది.

"పెట్టు" అన్నది.

పెట్టిన. వేడున్నయో సల్లగున్నయో నా కాలుకు తెల్వదు. ఆమె పెట్టుమన్నది, పెట్టిన.